గోధుమ సిరాలో గడ్డం పెద్దాయన: మీ బొమ్మ గురించి నాకు తోచింది

మీరు అడిగింది ఇదీ. బర్మింగ్‌హామ్ దగ్గర పాత సామాన్ల సంతలో 15 పౌండ్లు పెట్టి ఒక బొమ్మ కొన్నారు. గోధుమరంగు సిరా గీతలు, వాటి మీద పల్చగా నీళ్ల పూత. గడ్డం ఉన్న పెద్దాయన ఒకరు గట్టున ఒరిగి ఉన్నారు. ఒక మోచేతి కింద నీళ్లు కారుతున్న కుండ, రెండో చెయ్యి నుదుటి మీద, తల చుట్టూ రెల్లు ఆకులు. ఫ్రేము వెనక అట్ట మీద పెన్సిల్‌తో "గ్వెర్చీనో" అని ఉంది, అది 17వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడి పేరు. ఇది నిజంగా 17వ శతాబ్దపు ఇటలీ బొమ్మేనా, అందులో ఉన్నది ఎవరు, ఫ్రేము షాపతను చెప్పినట్టు బ్లీచ్ చేయిస్తే మచ్చలు పోతాయా, అమ్మితే ఎంత వస్తుంది?

కాగితం మీద వేసిన పాత బొమ్మల మరమ్మతు నా పని. 22 ఏళ్లుగా ఇదే చేస్తున్నాను, మొదట హైదరాబాదులో, తర్వాత ఇంగ్లండులో. మీరు పెట్టిన ఎనిమిది ఫొటోలూ పెద్దవి చేసుకుని రెండు రాత్రులు చూశాను. ఫొటోలు చూసి చెప్పేదానికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దులోనే చెబుతాను.

బ్లీచ్ సంగతి ముందు తేల్చేద్దాం. చేయించకండి. ఆ షాపతను మోసగాడని కాదు, అతనికి ఫ్రేములు తెలుసు, సిరాలు తెలీవు. మీ మూడో ఫొటోలో కుండ మూతి కింద, బొమ్మ మొత్తంలోకీ చిక్కటి నీడ ఉంది కదా, అక్కడ కాగితం వెంట్రుకంత సన్నగా చిట్లింది. వెనక వైపు ఫొటోలో కూడా సరిగ్గా అదే చోట గోధుమ మరక దిగి ఉంది. సిరా కాగితాన్ని తింటోందన్నమాట. ఆ కాలంలో బొమ్మలకి వాడిన గోధుమ సిరాల్లో అలా తినే గుణం ఉన్నది మాచికాయ సిరాకి.

ఓక్ చెట్టు కొమ్మ మీద కందిరీగ జాతి చిన్న పురుగు గుడ్లు పెడితే, ఆ గుడ్ల చుట్టూ చెట్టు ఒక గట్టి బుడిపె కట్టుకుంటుంది. అదే మాచికాయ. దాన్ని నలగ్గొట్టి నానబెట్టి, అన్నభేది కలిపి, నిలకడ కోసం తుమ్మబంక వేస్తే సిరా తయారు. ఈ మూడు సరుకులూ ఇప్పటికీ మన ఊళ్లలో మూలికల కొట్లో అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్లపాటు కోర్టు కాగితాలూ ప్రేమలేఖలూ పద్దుపుస్తకాలూ దీంతోనే రాశారు, బొమ్మలూ దీంతోనే వేశారు. రాసేటప్పుడు లేతగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. వందేళ్లు, రెండు వందల ఏళ్లు గడిచాక గోధుమరంగుకి తిరుగుతుంది. మనం ఇవాళ మ్యూజియంలో చూసి "ఎంత వెచ్చటి గోధుమ!" అని మురిసిపోయే బొమ్మల్లో చాలావాటికి వేసిన రోజున ఆ రంగు లేదు. వేసినవాడి కళ్ల ముందు ఉన్నది నలుపు.

ఇది మనకి కొత్త సంగతేం కాదు. మా మేనత్త వాళ్లది శ్రీకాళహస్తి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే పక్కింట్లో కలంకారీ వేసేవాళ్లు. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసేవారు. పక్కన ఒక కుండలో పాత ఇనప ముక్కలూ బెల్లమూ వేసి పులియబెట్టిన కసిమి ఉండేది, దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే. ఆ కసిమిలో ముంచిన కలం గుడ్డకి తగలగానే, ఏ రంగూ లేని నీళ్లలాంటిది చూస్తుండగానే నల్ల గీతయ్యేది. కరక్కాయ వగరు, ఇనుము. యూరప్ సిరాలో మాచికాయ వగరు, అన్నభేదిలోని ఇనుము. ఒకటే రసాయనం. పాత కలంకారీ గుడ్డ ఎవరింట్లోనైనా ఉంటే చూడండి, మిగతా రంగులు బాగానే ఉంటాయి, నల్ల గీత ఉన్న చోటే పోగులు రాలిపోతుంటాయి. మీ బొమ్మలో కుండ కింద చిట్లింది కూడా అందుకే.

ఇక బ్లీచ్ ఏం చేస్తుందంటే, ఇనుమూ వగరూ కలిసి కట్టిన ఆ రంగునే విరగ్గొడుతుంది. మచ్చలతో పాటు పెద్దాయన గడ్డం కూడా పోతుంది. ఉత్త నీళ్లతో కడిగినా ముప్పే. మిగిలిపోయిన ఇనుము నీళ్లతో పాటు పక్కకి పాకి, గీత చుట్టూ గోధుమ ఛాయ కడుతుంది. తర్వాత అది కూడా కాగితాన్ని తినడం మొదలుపెడుతుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. పనిలో చేరిన రెండో ఏడు ఒక బొమ్మ వచ్చింది, బండ మీద కూర్చున్న హెర్క్యులీస్, గ్రీకు కథల్లో మహా బలశాలి. మచ్చలు బాగా ఉన్నాయి. పద్ధతి ప్రకారం తడి దూది పుల్లతో ఒక గీతని తాకి చూశాను, కదల్లేదు. ధైర్యం చేసి తడి అద్దుడు కాగితం మీద పెట్టాను. పది నిమిషాల తర్వాత ఎత్తి చూస్తే గీతలన్నీ చెక్కుచెదరలేదు, మోకాలి కింద నీడ మాత్రం సగం అద్దుడు కాగితానికి అంటుకుని వచ్చేసింది. గీత మాచికాయ సిరాతో వేసి, పూత బిస్టర్‌తో పెట్టారు. బిస్టర్ అంటే కట్టెల పొయ్యి పొగగూట్లో పేరుకున్న జిగురు మసిని నీళ్లలో కాచి వడగట్టిన రంగు. నీళ్లు తగిలితే మళ్లీ నీళ్లే. ఒకే బొమ్మలో రెండు సిరాలు ఉండొచ్చని పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. చేతికి మాత్రం ఆ రోజే ఎక్కింది. అప్పట్నుంచి గీతకి వేరుగా, పూతకి వేరుగా తడి పరీక్ష చెయ్యకుండా ఏదీ ముట్టుకోను.

మీరు దీన్ని సెపియా బొమ్మ అన్నారు. అందరూ అలాగే అంటారు, వేలం వాళ్లు కూడా. సెపియా సముద్రంలో ఉండే కటిల్‌ఫిష్ సంచిలోంచి తీసే సిరా. బొమ్మలకి దాని వాడకం విరివిగా వచ్చింది 18వ శతాబ్దం చివర్లోనే. గ్వెర్చీనో కాలపు బొమ్మని పట్టుకుని సెపియా అంటే నూరేళ్ల ముందుకి దూకినట్టే.

ఇప్పుడు ఆ పెద్దాయన ఎవరో చూద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇది, కాస్త ఓపిక పట్టండి.

ఒరిగి పడుకున్న గడ్డం మనిషి, మోచేతి కింద వంపిన కుండ: ఇది నది. మనకి నది అనగానే గంగమ్మ, గోదారమ్మ, కృష్ణవేణమ్మ. గ్రీకులకీ రోమన్లకీ నది మగవాడు, అందులోనూ బాగా వయసు మళ్లినవాడు. రోములో 1512లో తైబర్ నది విగ్రహం ఒకటి, మరుసటేడు నైలు నది విగ్రహం ఒకటి మట్టిలోంచి బయటపడ్డాయి. రెండూ మనిషి కంటే ఎంతో పెద్దవి, రెండూ ఇలాగే ఒరిగి ఉంటాయి. తైబర్ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది, నైలు వాటికన్‌లో ఉంది. రోముకి వెళ్లిన ప్రతి కుర్ర చిత్రకారుడూ వాటి ముందు కాగితం పరుచుకుని కూర్చున్నవాడే. అందుకే తర్వాత 200 ఏళ్లు యూరప్‌లో నదులన్నీ అలా మోచేతి మీదే పడుకున్నాయి. శిల్పి బెర్నీని 1651లో ముగించిన నాలుగు నదుల ఫౌంటెన్ రోములో ఇప్పటికీ ఉంది. అందులో మన గంగ కూడా గడ్డంతో, కండలు తిరిగిన ఒంటితో, చేతిలో పొడవాటి తెడ్డుతో కూర్చుని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా ఆవిడ "ఈయన గంగేంటి?" అని గట్టిగా నవ్వేసింది, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

అయితే మీ బొమ్మలో ఉన్నది ఏదో ఒక నది కాదేమో. నన్ను ఆపింది ఆ చెయ్యి. మామూలుగా నది దేవుడి రెండో చేతిలో తెడ్డు గానీ, రెల్లు కట్ట గానీ, పళ్లు నిండిన కొమ్ము గానీ ఉంటుంది. మీ పెద్దాయన చెయ్యి నుదుటి మీద ఉంది, వేళ్లు ఆకుల్లోకి దూరి ఉన్నాయి. తలనొప్పి వచ్చినవాడు పెట్టుకునే చెయ్యి కాదది, ఏదో కప్పుకునే చెయ్యి. గ్రీకు కథల్లో అఖెలోయస్ అనే నది ఉంది. దెయానైర అనే అమ్మాయి కోసం హెర్క్యులీస్‌తో కుస్తీ పట్టాడు. ఓడిపోతున్నానని పాముగా మారాడు, అయినా లాభం లేకపోయింది. ఎద్దుగా మారితే హెర్క్యులీస్ ఒక కొమ్ము పట్టి విరిచేశాడు. ఆ కొమ్ముని జలకన్యలు పళ్లతో పూలతో నింపారు, అది తరగని సిరుల కొమ్ము అయ్యింది, మన అక్షయపాత్రలాగా. లాటిన్ కవి ఓవిడ్ ఈ కథని ఆ నది నోటితోనే చెప్పించాడు. ఒకసారి వరదొచ్చి అతిథులు తన ఇంట్లో ఆగిపోతే, నిట్టూర్చి, తను ఓడిపోయిన సంగతి తనే చెప్పుకుంటాడు. విరిగిన చోటు కనపడకుండా ఆకులూ రెల్లూ చుట్టుకుని తిరుగుతుంటాడు.

మీ అయిదో ఫొటోలో ఎడమ కణత పైన, ఆకుల మధ్య, పొట్టిగా మొండిగా ఒక ముక్క కనిపిస్తుంది. దాన్ని మీరు "చిన్న కొమ్ములాంటిది" అని రాశారు. మీ కంటికి నిజంగానే కొమ్ములా అనిపిస్తే ఆయన అఖెలోయస్, అవమానం దాచుకుంటున్న నది. అది ఆకు మడతే అయితే ఊరికే ఒక నది. నేను 60 పాళ్లు అఖెలోయస్ వైపున్నాను. సముద్ర దేవుడు నెప్ట్యూన్ మాత్రం కాదు, ఆయనైతే చేతిలో త్రిశూలం ఉండాలి, కుండతో పనిలేదు.

తర్వాతి ప్రశ్న, ఇది చేత్తో వేసిందా, అచ్చా? నవ్వకండి. గ్వెర్చీనో పేరుతో నా బల్ల మీదకి వచ్చేవాటిలో అచ్చులకేం కొదవ లేదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు మూడో జార్జి తరఫున రిచర్డ్ డాల్టన్ అనే ఆయన, 1760 దశకంలో బొలోన్యాలో గ్వెర్చీనో వారసుల దగ్గర బొమ్మలు పెద్ద మూటగా కొన్నాడు. అవి ఇప్పుడు విండ్సర్ రాజకోట‌లో ఉన్నాయి, ప్రపంచంలో గ్వెర్చీనో బొమ్మలు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది అక్కడే. అదే డాల్టన్ బార్తొలోజ్జి అనే ఇటలీ చెక్కుడు పనివాణ్ణి లండన్‌కి రప్పించాడు. ఆయన ఆ బొమ్మల్ని రాగి రేకు మీద ఎంత ముచ్చటగా ఎక్కించాడంటే, గోధుమ సిరాతో అచ్చు కొట్టి గాజు వెనక పెడితే ఇప్పటికీ మనుషులు మోసపోతారు. ఆ అచ్చులు ఇంగ్లండులో పెద్దింటి గోడలన్నిటికీ ఎక్కాయి. అక్కడి గడ్డం ముసలివాళ్లే ఇప్పుడు సంతలకి దిగుతున్నారు.

మీది అచ్చు కాదు. పదింతలు పెంచి చూపే భూతద్దంతో గీత చివర చూడండి. అచ్చులో సిరా కాగితం మీద సన్నటి గట్టులా ఉబ్బి ఉంటుంది, చుట్టూ రేకు అంచు నొక్కిన గుర్తు దొరకొచ్చు. ఈ కాలపు ఫొటో అచ్చయితే చుక్కలు కనిపిస్తాయి. మీ దాంట్లో గీత మీద బరువు పడ్డ చోట రెండు అంచులూ ముదురుగా, మధ్య లేతగా ఉంది. పెద్దబాతు ఈకతో చేసిన కలం పాళీ రెండుగా విచ్చుకున్నప్పుడు అలా వస్తుంది. పైగా సిరా వెనక్కి దిగింది. కాబట్టి మనిషి చెయ్యే. కాగితం వెలుగుకి ఎదురుపెట్టిన ఫొటోలో దగ్గరదగ్గరగా సన్న చారలు, వాటికి అడ్డంగా రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున లావు గీతలు ఉన్నాయి. తీగల జల్లెడలో పోసి ఎత్తిన గుడ్డపేలికల కాగితం. చారలు లేని నున్నటి కాగితం ఇంగ్లండులో 1750ల చివర్లో మొదలైంది, కర్రగుజ్జు కాగితం ఆ తర్వాతి శతాబ్దానిది. కాగితం పాతదని దీంతో తేలుతుంది, అంతకు మించి తేలదు. పాత పుస్తకాల ఖాళీ పేజీలు చింపుకుని బొమ్మలు వేసిన ఘనులు చాలామంది ఉన్నారు.

అసలు సంగతికి వద్దాం. ఇలాంటి బొమ్మ ఎవరిదో తేల్చడానికి అందరూ గీత చూస్తారు. నేను తడి చూస్తాను. ఎక్కడ ఎప్పుడు ఎంత తడిగా ఉండగా చెయ్యి ఏం చేసింది? గీతని నకలు చెయ్యొచ్చు, తడిని నకలు చెయ్యడం చాలా కష్టం.

వాష్ అంటే అదే సిరాలోనో వేరే సిరాలోనో నీళ్లు కలిపి కుంచెతో పెట్టే పూత. ఇందులో తెల్ల రంగు వాడకపోతే వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాగితమే వెలుగు. భుజం మీద ఎండ పడాలంటే అక్కడ కుంచె పెట్టకూడదు, అంతే. కాబట్టి మంచి వాష్ వేసేవాడు ముందు ఎక్కడ వెయ్యకూడదో తేల్చుకుంటాడు. సిరా నిండిన కుంచె చేతిలో ఉంటుంది, నిర్ణయానికి మూడు నాలుగు సెకన్లు కూడా ఉండదు. పొడి కాగితం మీద పెడితే పూత అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. ముందు పూత ఆరకముందే రెండోది తగిలిస్తే అంచు పొగలా కరుగుతుంది. కుంచె ఎత్తిన చోట నీళ్లు నిలిచి, ఆరాక అంచున ముదురు గీత కడుతుంది, చెరువు ఎండితే గట్టున చార మిగిలినట్టు.

గ్వెర్చీనో ఇందులో ఆరితేరినవాడు. అసలు పేరు జొవాన్ని ఫ్రాంచెస్కో బార్బియేరి. బొలోన్యా దగ్గర చెంతో అనే చిన్న ఊళ్లో 1591లో పుట్టాడు, మెల్లకన్ను ఉండటంతో గ్వెర్చీనో అన్న పేరు స్థిరపడింది. 1621లో రోములో లుదొవీసీ వాళ్ల విలాసగృహం పైకప్పు మీద ఉషోదేవత రథాన్ని వేసింది ఈయనే. ఒక్క బొమ్మ కోసం పది రకాలుగా కాగితం మీద తిప్పి తిప్పి చూసుకునేవాడు. చెయ్యి ఇక్కడా అక్కడా? సరే, రెండూ వేద్దాం. కలం నుంచి సిరా చుక్క రాలిపడిందా? దాన్నే కుంచెతో లాగి నీడ చేసేసేవాడు. ముఖ్యంగా ఆయన కుర్రతనపు బొమ్మల్లో పూత గీతని లెక్కచెయ్యదు. భుజం గీత ఒకచోట ఉంటుంది, భుజం నీడ దాన్ని దాటి పక్క కొండ మీదకి పోతుంది. చూసేవాడి కన్ను ఆ రెంటినీ కలుపుకుంటుంది.

డబ్బు విషయంలో మాత్రం ఆయన గీత దాటడు. 1629 నుంచి ఇంట్లో పద్దుపుస్తకం ఉండేది, అది ఇప్పటికీ ఉంది. పెయింటింగుకి రేటు మనిషి లెక్కన: నిండు మనిషికి 100 దుకతోని వెండి నాణేలు, నడుము వరకైతే 50, తల ఒక్కటే అయితే 25. సిసిలీలోని మెస్సీనా నుంచి ఒక ఘరానా పెద్దమనిషి తక్కువ సొమ్ముకి బేరమాడితే, ఆ డబ్బుకి సగం మనిషి కంటే కాస్త ఎక్కువ వస్తాడని జవాబు రాశాడు. కానీ కాగితం మీది ఈ బొమ్మల్ని అమ్మకానికి పెట్టలేదు. అవి ఇంట్లో సొత్తు. 1666లో ఆయన పోయాక మేనల్లుళ్లు బెనెదెత్తో, చేజరె జెన్నారిలకి దక్కాయి. వాళ్లూ చిత్రకారులే, మేనమామ దగ్గరే నేర్చుకున్నవాళ్లే. ఆ ఇంట్లో నేర్చుకోవడమంటే ఆయన బొమ్మలు పెట్టుకుని నకళ్లు తియ్యడమే. దీనికి తోడు 18వ శతాబ్దంలో ఒకడు, పేరు తెలీదు, గ్వెర్చీనో పద్ధతిలో ప్రకృతి దృశ్యాలు కుప్పలుగా వేసి వదిలాడు. వాడి చెయ్యి ఇప్పుడు పండితులకి గుర్తు దొరికింది, వాడికీ ఒక పేరు పెట్టారు, "గ్వెర్చీనో దొంగ" అన్నట్టుగా. ఆయన పేరు ఇన్ని అట్టల వెనక పెన్సిల్‌తో ఉండటానికి కారణాలు ఇవన్నీ. పెన్సిల్ పేరుని ఎప్పుడూ ఎవరో ఒక కొట్టువాడి ఆశ అనుకోండి.

మీ బొమ్మలో తడి ఏం చెబుతోంది? ముంజేయి దగ్గర ఆగండి. మోచేతి నుంచి మణికట్టు దాకా కింది గీత ఒక్క వేగంతో పోవాలి, మూడంగుళాలు కూడా లేదు. కానీ సరిగ్గా మధ్యలో గీత సన్నబడి, మళ్లీ ముదురుగా మొదలైంది. కలం సిరాలో ముంచారన్నమాట. తనకు తోచింది వేసేవాడు ఊపిరి ఆగే చోట ముంచుతాడు, మోచేతి దగ్గరో మణికట్టు దగ్గరో. ఎదురుగా పెట్టుకుని చూసి వేసేవాడు సిరా అయిపోయిన చోట ముంచుతాడు. రెండోది, ఒక్కటి తప్ప నీడలన్నీ గీతల లోపలే బుద్ధిగా ఆగాయి. కడుపు మీద పూత అంచు, గీతకి అర మిల్లీమీటరు ఇవతల నిలబడింది, పిల్లలు రంగుల పుస్తకం నింపినట్టు. పూత ఎక్కడా తడి మీద తడిగా పడలేదు, ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. తొందర లేదు. మార్చిన గీత ఒక్కటి లేదు, దిద్దిన వేలు ఒక్కటి లేదు.

ఇంకొకటి ఉంది, నాకు ఇదే గట్టి ఆధారం. కుడిచేతివాటం మనిషి గబగబా నీడ గీతలు గీస్తే అవి ఎడమ కింద నుంచి కుడి పైకి వాలతాయి. మీరే ఒక చిత్తు కాగితం మీద గీసి చూసుకోండి. మీ బొమ్మలో బండ మీద గీతలన్నీ ఎదురు వాలులో, ఎడమ పై నుంచి కుడి కిందికి ఉన్నాయి. అంత నెమ్మదిగా వేసినవాడు ఎడమచేతివాటం వాడు కావచ్చు. లేదా, అచ్చు చూసి వేసుండొచ్చు. రేకు మీద చెక్కింది కాగితం మీదకి వచ్చేసరికి కుడిఎడమలు తారుమారవుతాయి, వాలు కూడా తిరగబడుతుంది, దాన్ని యథాతథంగా దించినవాడికి ఆ వాలే వస్తుంది. ఎర్ర సుద్ద బొమ్మల్ని తడిపి ఇంకో కాగితం అద్ది తీసే అద్దకం బొమ్మల్లోనూ ఇలాగే తిరగబడుతుంది.

అన్నీ కలిపి నా అంచనా: ఇది నకలు. ఏదో ఒక బొమ్మని, బహుశా అచ్చుని, ముందు పెట్టుకుని ఓపికగా నేర్చుకుంటున్న చెయ్యి. కాగితం, సిరా, ఈకకలం చూస్తే 18వ శతాబ్దం అనుకోవడానికి ఏ అడ్డూ లేదు, 17వ శతాబ్దమే అని చెప్పడానికి ఆధారం కూడా లేదు. గ్వెర్చీనో మాత్రం కాదు. కాకపోతే నుదుటి మీది ఆ వేళ్లు వేసినప్పుడు ఆ కుర్రాడు (కుర్రాడనే అనుకుంటున్నాను) నిజంగా చూశాడు. చూపుడు వేలు కింద పెట్టిన చిన్న నీడ ఒక్కటే బొమ్మ మొత్తంలో గీత దాటింది. నేనైతే ఆ ఒక్క నీడ కోసం దీన్ని గోడకి పెట్టుకుంటాను.

ధర చెప్పను. అది నా పని కాదు, పైగా మరమ్మతు చేసేవాడు ధర చెప్పడం మా దగ్గర తప్పు. వేలం పుస్తకాల భాష మాత్రం తెలుసుకోండి. చిత్రకారుడి పేరు ఒక్కటే రాస్తే అది ఆయనదేనని వాళ్ల నమ్మకం. "ఆయనదిగా భావిస్తున్నది" అంటే ఆశ ఉంది గానీ పూచీ లేదు. "ఆయన శాల" అంటే అదే ఇంట్లో, ఆయన కళ్ల ముందు. "ఆయన అనుయాయి" అంటే ఆయన్ని చూసి ఉండొచ్చు, చూడకపోయీ ఉండొచ్చు. "ఆయన ధోరణిలో" అంటే ఎప్పుడో ఎవరో. "ఆయన బొమ్మని బట్టి" అంటే నకలు. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ధర చాలా దిగుతుంది. మీది ఆఖరి మెట్టు మీద ఉంది. 15 పౌండ్లకి మాత్రం మీరు నష్టపోలేదు.

ఇంట్లో చెయ్యాల్సినవి కొన్నే. ఆ పాత అట్ట పుల్లగా ఉంటుంది, దాని ఆమ్లం కాగితంలోకి దిగుతుంది. ఆమ్లం లేని అట్టతో మళ్లీ ఫ్రేము కట్టించండి, గాజు బొమ్మకి తగలకుండా మధ్యలో మౌంటు ఉండాలి. ఎండ పడే గోడా వద్దు, వంటింటి గోడా స్నానాలగది గోడా వద్దు. మ్యూజియంలో ఇలాంటివాటిని 50 లక్స్ (వెలుగు కొలత) వెలుగులో, అదీ కొన్ని నెలలే పెట్టి మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. కుండ కింద చిట్లు పెద్దదవకుండా వెనక నుంచి సన్నటి జపాన్ కాగితం అతికించాలి, అది కాగితం మరమ్మతు తెలిసినవాళ్లే చెయ్యాలి, సెల్లోటేపుతో మీరు చెయ్యకండి. మచ్చల్ని అలాగే ఉండనివ్వండి. 200 ఏళ్ల మనిషి ఒంటి మీద మచ్చలుంటే ఏమైంది?

వీలైతే ఒకరోజు లండన్ వెళ్లి బ్రిటిష్ మ్యూజియంలో అచ్చులూ రేఖాచిత్రాల చదువుగదికి ముందుగా రాసి సమయం తీసుకోండి. మామూలు మనుషుల్ని కూడా రానిస్తారు. గ్వెర్చీనో బొమ్మల పెట్టె అడిగితే తెచ్చి మీ ముందు బల్ల మీద పెడతారు. పూత గీతని దాటడం అంటే ఏంటో కళ్లతో చూస్తే, నేను పైన రాసిందంతా రెండు నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది.

నాకు ఒక్క ఫొటో కావాలి. బొమ్మ కింద ఎడమ మూల వెనక వైపు, కాగితంలోనే ఏదో గుండ్రటి నీటిగుర్తు ఉన్నట్టు లీలగా కనిపిస్తోంది. ఫ్రేము విప్పినప్పుడు ఆ మూల కింద ట్యాబు తెర తెల్లగా వెలిగించి పెట్టి, గదిలో లైట్లార్పి తియ్యండి. గుండ్రటి గీతలో లంగరు గానీ, మూడు గుట్టల మీద పక్షి గానీ కనిపిస్తే ఇటలీ కాగితం కావడానికి ఆస్కారం ఎక్కువ. అప్పుడు ఆ నకలు తీసిన కుర్రాడు ఏ దేశంలో కూర్చున్నాడో కాస్త మాట్లాడుకోవచ్చు. అదే మూలలో చిన్న ముద్ర ఏదైనా ఉంటే దాని ఫొటో కూడా పెట్టండి. పాత సేకర్తలు తమ బొమ్మల మీద ముద్ర కొట్టుకునేవారు. ఫ్రిట్స్ లుగ్ట్ అనే డచ్చి ఆయన 1921లో వాటన్నిటికీ జాబితా వేశాడు, అది ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ముద్ర దొరికితే నేనే వెతికి చెబుతాను.